పక్కపెట్టె

దాలినాయుడు మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పడం ఆయన శిష్యులెవరూ ఎరగరు. ముందు తలపాగా సర్దుకుంటారు, తర్వాత ఏదో ఒక పని మొదలుపెడతారు. జవాబు ఆ పనిలోనే ఉంటుంది. అందినవాడికి అందినంత. అందుకే తవిటయ్య చాలాకాలం ఊరుకున్నాడు. చివరికి కడుపుమంట ఆపుకోలేక ఒకరోజు అడిగేశాడు.

"మాస్టారూ, ఈగలకి కూడా పక్షపాతం ఉంటుందా?"

తేనెటీగల పెంపకం నేర్చుకోవడానికి తవిటయ్యా గౌరీశూ ఒకేసారి ఆయన దగ్గర చేరారు. ఇద్దరికీ ఒకేలాంటి థర్మోకోల్ పెట్టెలూ, వాటిలోకి ప్లాస్టిక్ ఫ్రేములూ ఇచ్చారు. చెక్కపెట్టెలకి చెద పడుతోందని మాస్టారే వీటికి మారారు. వీటితో ఒకటే చిక్కు. వట్టి ప్లాస్టిక్‌ని ఈగలు ఓ పట్టాన నమ్మవు. మైనం కరిగించి ఫ్రేము నిండా పూస్తేనే దానిమీద తేనెపట్టు కడతాయి. ఆ పని ఇద్దరికీ దగ్గరుండి చూపించి, కొండచేలల్లో వలిసెపూలు పూసేనాటికి ఎవరి పెట్టె బలంగా ఉంటే వాణ్ణి కొండమీదికి పంపుతానన్నారు. ఒంటరిగా తన పెట్టెతో ఆ పూలకాలం గడిపి వచ్చినవాణ్ణే అక్కడివాళ్ళు తేనెగాడు అంటారు. మిగతావాళ్ళంతా ఎన్నేళ్ళున్నా నేర్చుకునేవాళ్ళ కిందే లెక్క.

తవిటయ్యకు ఆ పేరు కావాలి. గౌరీశుకు రాకూడదన్నది అంతకంటే ముఖ్యం. గౌరీశు పెట్టె గుమ్మంలో ఈగలు సంతలో జనంలా తొక్కుకుంటుంటే ఇతని కళ్ళలో నిప్పులు పోసినట్టుండేది. పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా వెళ్ళి ఆ పెట్టె ఎదురుగా చతికిలబడేవాడు. అవి ఏ రంగు పుప్పొడి తెస్తున్నాయో, గౌరీశు ఎప్పుడు మూత తీస్తున్నాడో, అంతా కంఠతా వచ్చేసింది. మంచి రాణి ఉన్న గుంపు వాడికిచ్చి, మిగిలింది తనకు అంటగట్టారని మాస్టారి మీద కూడా లోలోపల గుర్రుగానే ఉండేవాడు. తన మైనం మాత్రం గిన్నెలో గడ్డకట్టి పడి ఉంది.

మాస్టారు తలపాగా సర్దుకున్నారు. ఎండెక్కి ఈగలు మేతకు పోయిన వేళ చూసి, ఇద్దరిచేతా ఆ రెండు పెట్టెల్నీ ఒకదాని చోట ఒకటి పెట్టించారు. మేతకు వెళ్ళిన ఈగ గుర్తుపెట్టుకునేది చోటునే. సాయంత్రానికి గౌరీశు ఈగలు బరువుగా పాత చోటికే వచ్చి, అక్కడున్న తవిటయ్య పెట్టెలో దూరిపోయాయి. తేనె మోసుకొచ్చేవాళ్ళని కాపలా ఈగలు మాత్రం ఎందుకు కాదంటాయి?

తవిటయ్య సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. గౌరీశు తన పెట్టె మూత తీసి, లోపల మిగిలిన పిల్ల ఈగల్ని చూసుకున్నాడు. తర్వాత మైనం గిన్నె పొయ్యిమీద పెట్టుకున్నాడు.

మర్నాటికి తవిటయ్యకు కొత్త బెంగ పట్టుకుంది. వాడు నోరెత్తకుండా ఉన్నాడంటే ఏదో పన్నాగం పన్నుతూనే ఉంటాడు! మళ్ళీ వెళ్ళి గౌరీశు పెట్టె ముందే కూర్చున్నాడు. రోజులు గడిచేకొద్దీ అందులో పిల్ల ఈగలు ఎదిగి మేతకు దిగాయి. తవిటయ్య పెట్టెలో చేరినవేమో వట్టి ప్లాస్టిక్ మీద కట్టలేక, మూత కింద వంకరటింకరగా పట్టు పెట్టి, ఆపైన చోటు చాలక గుమ్మం బయట గుత్తిగా వేలాడాయి.

కొండమీద వలిసె పూసిందని కబురొచ్చింది. మాస్టారు వచ్చేసరికి తవిటయ్య తన చోటులోనే, అంటే గౌరీశు పెట్టె ఎదురుగానే ఉన్నాడు. ఆ పెట్టె ఎలా ఉందని అడిగారాయన. తవిటయ్య ఒక్కటీ వదలకుండా గడగడా అప్పజెప్పాడు. మరి నీదో అన్నారు.

"బాగానే ఉంది మాస్టారూ."

మాస్టారు చెయ్యెత్తి చింతకొమ్మ చూపించారు. తవిటయ్య ఈగల్లో సగానికి పైగా పెట్టె విడిచి, ఆ కొమ్మకి వేలాడుతున్నాయి. ఎప్పుడు లేచిపోయాయో అతను చూడనే లేదు.

తవిటయ్య ఏడ్చేశాడు. కాళ్ళు పట్టుకుని, ఈ ఒక్కసారికి తననే కొండకు పంపమనీ, అక్కడ ఒంటరిగా ఉండి బుద్ధిగా పని చేసుకుంటాననీ బతిమాలాడు.

మాస్టారు అతన్ని లేవనెత్తి, భుజం తట్టారు.

"కొండమీద పక్కపెట్టె ఉండదు నాయనా. నీకు పొద్దెలా పోతుంది?"