నూకాలు డొక్కనొప్పి

ఎప్పటి మాటో చెప్పలేం. మా తాతల తాతలు కూడా విన్నారే తప్ప చూడలేదు. ఒక ఊళ్ళో అప్పయ్యమ్మ అనే ముసలమ్మ గానుగ ఆడించేది. కొడుకు సన్నాసి. కోడలు నూకాలు. పొద్దంతా గానుగెద్దు వెనకాల తిరిగే పిల్ల, గట్టిగా మాట్లాడి ఎరగదు.

ఒక పండగనాడు అందరూ గారెలు తిన్నారు. తిన్న కాసేపటికి నూకాలు కుడి డొక్క పట్టుకుని కూలబడింది.

"అత్తా, డొక్కలో నొప్పి. భుజందాకా లాగేస్తంది."

"నటన," అంది అప్పయ్యమ్మ. "లే, ఎద్దు ఆగిపోయింది."

నొప్పి తగ్గింది. నూకాలు లేచింది.

మళ్ళీ ఒక పెళ్ళిభోజనం తిన్నాక వచ్చింది. తిన్నదంతా కక్కేసింది.

"అత్తా, డొక్కలో నొప్పి."

"నటన. తినేటప్పుడు లేని నొప్పి పనప్పుడొచ్చిందేటే?"

సన్నాసి తల్లి మొహం చూశాడు. పెళ్ళాం మొహం చూశాడు. తల దించుకుని గానుగలో నువ్వులు పోశాడు.

మూడోసారి వచ్చిన నొప్పి పోలేదు. చలిజ్వరం పట్టుకుంది. కళ్ళు పసుపుకొమ్ముల్లా అయ్యాయి. అప్పుడు అప్పయ్యమ్మకి భయమేసింది. పసరు పోయించింది. దిష్టి తీయించింది. కామెర్లకని చేతిమీద వాత పెట్టించింది. నూకాలు ఏడవలేదు.

"చెయ్యి కాదత్తా. డొక్క. మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాను."

పొద్దుగూకేలోగా పోయింది.

సన్నాసి ఎముకలేరడానికి వెళ్ళాడు. బూడిదలో డొక్క ఉన్నచోట శనగగింజలంత రాళ్ళు కనబడ్డాయి. తెచ్చి తల్లి దోసిట్లో పోశాడు. ఆ తర్వాత ఇక ఆమెతో మాట్లాడలేదు.

కార్జం కింద చేదుతిత్తి ఉంటుంది. అందులో పైత్యరసం గడ్డకట్టి రాళ్ళవుతుంది. రాయి దారికి అడ్డంపడితే నొప్పి, జ్వరం, కామెర్లు. ఇప్పుడు డాక్టర్లు చెబుతారు. అప్పుడు చెప్పేవాళ్ళు లేరు. చెప్పిన ఒక్క నూకాలునీ నమ్మలేదు.

"నమ్మానే నూకాలూ," అంది అప్పయ్యమ్మ వాకిట్లో కూర్చుని. "నమ్మానే తల్లీ," అంది. బతికినన్నాళ్ళూ అంటూనే ఉంది. పలికేదెవరు?

అందుకే ఆ ఊళ్ళో ఇప్పటికీ ఎవరు డొక్క పట్టుకుని కూర్చున్నా ముందు "నమ్మాను" అంటారు. ఆ తర్వాతే "లే, ఆస్పత్రికి పోదాం" అంటారు. బడి ఎగ్గొట్టాలని పిల్లలు చెప్పినా అంతే. అబద్ధమైతే పోయేది ఒక పూట, నిజమైతే మనిషే పోతుందని అంటారు.