ఎనిమిదో చక్రం

"హేమావతీ!"

రెండోసారి పిలిస్తే గానీ నాకు వినపడలేదు. దస్తగిరి ఉస్తాద్ షాపు గడపలో కూచుని బ్రేకు వైరుకు నూనె పెడుతున్నాడు. నా చెయ్యి సైకిలు చక్రం మీదుంది. కళ్ళు మాత్రం ఏనుగు మల్లమ్మ కొండ మీదున్నాయి. పొద్దుట్నుంచీ మబ్బు ఆ కొండను కొంచెం కొంచెంగా మింగుతోంది.

"యాడుండావు బేటీ, షాపులోనా, కొండమీదనా?"

"ఈడే ఉండా ఉస్తాద్."

"మబ్బుకు ఏమన్నా పంక్చరయిందేమో అనుకున్నా. అట్ల చూస్తా ఉండావే!"

సిగ్గుపడి మళ్ళీ పని మీదికి వంగాను.

ఆ సైకిలు నిరంజన్ సారుది. కొండమీది బడిలో లెక్కలు చెప్తాడు. రోజూ సైకిలు మీదే పైకి పోతాడు. మోకాళ్ళు పట్టేస్తున్నాయని, వెనక చక్రానికి కొత్త క్యాసెట్ కొనుక్కొచ్చాడు. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా ఎనిమిది పళ్ళచక్రాలు ఒక గుత్తిగా ఉంటాయి అందులో. పాతదాంట్లో అన్నిటికన్నా పెద్దదానికి ఇరవై ఎనిమిది పళ్ళు. దీనికి ముప్పై నాలుగు. చెయిను దాని మీదికెక్కితే కొండ మెత్తబడిపోతుంది.

"మన హేమ బిగిస్తే చాలు ఉస్తాద్," అన్నాడు సారు, సైకిలు వదిలిపోతూ. ఆ 'మన' అన్న మాట నిన్నటి నుంచీ నా చెవిలో తిరుగుతానే ఉంది.

రెండేళ్ళలో మొదటిసారి, ఉస్తాద్ ఒక పని మొత్తం నాకే వదిలేశాడు. చెయినును ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి తోసే డీరైలర్‌ను చూపించి ఒక్క మాటే చెప్పాడు.

"ఈ ఇనప చెయ్యి పాతదే. చక్రమేమో కొత్తది, పెద్దది. అందుతాదా లేదా అని దాన్నే అడుగు. నన్నడగొద్దు."

అడిగాను. నిజంగానే అడిగాను. వెనక ఉన్న చిన్న మరను తిప్పి, ఆ చెయ్యికీ పెద్ద చక్రానికీ మధ్య శనక్కాయ గింజ పట్టేంత సందు చేశాను. సైకిలును స్టాండుకు ఎత్తి పెడలు తిప్పాను. ఒకటి, రెండు, మూడు. టక్కు టక్కుమని చెయిను మెట్లెక్కుతున్నట్టు ఎక్కింది. ఏడో చక్రం దాకా ఎంత హాయిగా ఉందో!

ఎనిమిదోది వేయగానే చెయిను బిగుసుకుపోయింది. ముందు పెడలు దగ్గరా పెద్ద పళ్ళచక్రమే, వెనకా పెద్దదే. డీరైలర్ ముందుకు సాగిపోయి, గోడ మీంచి పడిపోతున్న మనిషి చెయ్యిలాగ కనిపించింది. కిర్రుమంది. గబుక్కున ఏడోదానికి దించేశాను.

చెయిను పొట్టిదైపోయింది. రెండు లింకులు కలపాలి. పావుగంట పని. అది చేస్తే అరచేతుల నిండా నల్ల మడ్డి.

కానీ సారు నాలుగింటికి వస్తానన్నాడు. నాలుగు కావస్తోంది. ముందూ వెనకా రెండూ పెద్ద చక్రాలే వేసి ఎవరు తొక్కుతారులే అనుకున్నాను. సైకిలు దించి, సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, జడ విప్పి మళ్ళీ అల్లుకున్నాను.

మా షాపులో ఒక పద్ధతుంది. బిగించినవాళ్ళే బండిని ఘాటు రోడ్డు మొదటి మలుపు దాకా తొక్కి, అన్ని గేర్లూ వేసి చూడాలి. ఆ తర్వాతే బండి మనిషికి ఇవ్వాలి.

"అన్నీ పడినాయా?" ఉస్తాద్ అడిగాడు.

"పడినాయి ఉస్తాద్."

"మలుపు దాకా పోయొచ్చినావా?"

ఆయన అప్పుడే నమాజు చేసుకుని వచ్చాడు. నేను పోయొచ్చానో లేదో ఆయన చూసి ఉండడు.

"ఊఁ," అన్నాను.

అంతలో గొడుగు పట్టుకుని నిరంజన్ సారు రానే వచ్చాడు. మధ్యాహ్నం నుంచీ జల్లు పడుతూనే ఉంది, ఆయన భుజాలు తడిసి ఉన్నాయి. "అయిపోయిందా హేమా? అప్పుడే!" అని నవ్వాడు. నా కాళ్ళు నేలకు తగలలేదు.

ఉస్తాద్ లేచి సైకిలు దగ్గరికొచ్చాడు. వెనక టైరు మీద బొటనవేలితో ఒకసారి రుద్దాడు. తడీ బురదా అంటని ఆ వేలిని చూసుకుని, లుంగీకి తుడుచుకున్నాడు.

"సారూ, టీ తాగతా ఉండండి," అన్నాడు. "మా బేటీ మొదటిసారి సొంతంగా బిగించిన బండి. ఒకసారి ఎక్కొస్తా."

ఆయన సైకిలెక్కి ఆరేళ్ళయింది. ఎడమ మోకాలు సరిగా మడవదు.

"వద్దు ఉస్తాద్! కావాలంటే నేనే ఇంకోసారి..."

"నువ్వు తొక్కినావు కదమ్మా. ఇప్పుడు నా వంతు."

ఎక్కేశాడు. కొంచెం అటూ ఇటూ ఊగి, నిలదొక్కుకుని, రోడ్డు పట్టాడు.

నేను ఆయన వెనకాలే నడిచాను. తర్వాత పరుగెత్తాను. మబ్బు రోడ్డు మీదికే దిగొచ్చింది. నీలగిరి చెట్ల వాసన తడితడిగా వస్తోంది. ఆయన తెల్ల చొక్కా ఆ మంచులో కరిగిపోతూ, మళ్ళీ తేలుతూ కనిపించింది. ఇంకో రోజయితే అది చూస్తూ అట్లనే నిలబడిపోయేదాన్ని. ఈ కొండకు పేరిచ్చిన మల్లమ్మను చిన్నప్పుడు సాకిన ఏనుగులు ఇట్లాంటి మంచులోనే తిరిగి ఉంటాయని అనుకునేదాన్ని.

టక్.

ముందువైపు చెయిను పెద్ద పళ్ళచక్రం మీదే ఉంది. నేనే అట్ల వదిలేశాను. ఆయన దాని జోలికి పోలేదు. ఏటవాలు పెరిగేకొద్దీ వెనక మాత్రం ఒక్కొక్కటే ఎక్కిస్తున్నాడు.

టక్. ఐదు. టక్. ఆరు.

ఎనిమిదోది ఎక్కితే డీరైలర్ విరిగి చువ్వల్లో పడుతుంది. చక్రం ఉన్నచోటే ఆగిపోతుంది. మనిషి ముందుకు పడతాడు. మలుపులో ఎడమవైపు లోయ.

టక్. ఏడు.

"ఆగండి ఉస్తాద్!"

బ్రేకు పట్టాడు. ఒక కాలు నేలకానించాడు. వెనక్కి తిరగలేదు.

"ఏం బేటీ?"

రొప్పుతూ ఆయన దగ్గరికి చేరుకున్నాను. వెనక అడుగుల చప్పుడయింది. నిరంజన్ సారు గొడుగు పట్టుకుని వచ్చి నా పక్కన ఆగాడు. "ఏమైంది?" అన్నాడు.

"వాన పెద్దదయ్యేట్టుంది," అన్నాను. "పోదాం పదండి."

"తడిస్తే ఆరతాం లే." ఉస్తాద్ కాలెత్తి మళ్ళీ పెడలు మీద పెట్టాడు. "ఏడు బాగా పడినాయి. ఇంకొకటుంది కదా?"

ఆయన వేలు గేరు మీట మీదికి పోయింది.

ఉరికి ఆ వేలిని పట్టుకున్నాను. నా చేతుల్లో ఇంకా సబ్బు వాసనే ఉంది.

"వెయ్యొద్దు ఉస్తాద్. ఎనిమిదోదానికి చెయిను చాలదు. నాకు తెలుసు. నేను మలుపు దాకా తొక్కలేదు. సారు వచ్చేలోపల చేతులు శుభ్రంగా ఉండాలని లింకులు కలపలేదు. మీకు అబద్ధం చెప్పినా."