తేదీ పాతది, లోగో కొత్తది

అనకాపల్లిలో అప్పలస్వామి మాస్టారు కంప్యూటర్ మీద బిల్డింగ్ డ్రాయింగులు గీయడం నేర్పేవారు. ఆయనకొక పట్టింపు ఉండేది. డ్రాయింగు షీటుకు కుడివైపు కింది మూలన క్లయింటు పేరు, తేదీ, గీసినవారి పేరు ఉండే గడిని టైటిల్ బ్లాక్ అంటారు. అందులో పెట్టే క్లయింటు లోగోను ఏ షీటుకా షీటులోనే అతికించాలి గాని, బయట ఎక్కడో ఉన్న బొమ్మ ఫైలుకు లింకు ఇవ్వకూడదనేవారు. పని పూర్తయిన షీటును మళ్లీ ఎవరి చేయీ పడకుండా విడిగా భద్రపరిచేదాకా విద్యార్థిని కుర్చీలోంచి లేవనిచ్చేవారు కారు.

ఇందుమతి అనే శిష్యురాలికి ఇది చాదస్తంగా తోచింది.

"మాస్టారూ, లింకు ఇస్తే ఒక్క ఫైలు మార్చగానే నాలుగొందల షీట్లలో లోగో మారిపోతుంది కదా! ఒక్కొక్కటీ తెరిచి మార్చుకుంటూ కూర్చోవడం దేనికి?" అని అడిగింది.

మాస్టారు వాదించలేదు. తన పాత ఉద్యోగంలో జరిగిన ఒక సంగతి చెప్పారు.

అప్పట్లో ఆయన విశాఖపట్నంలో ఒక ఇంజినీరు ఆఫీసులో పనిచేసేవారు. ఒక నిర్మాణ కంపెనీ జీడిపప్పు కార్ఖానా కడుతుంటే దాని డ్రాయింగులన్నీ ఆయనే గీశారు. మేడ మీద జీడిపిక్కలు ఆరబోసుకోవడానికి, గోడ దాటి ముందుకు వచ్చిన బాల్కనీ ఒకటి ఉంది. దాని శ్లాబులో ఇనుప కడ్డీలు అయిదంగుళాల ఎడంతో వేయాలని షీటు మీద స్పష్టంగా రాశారు. కార్ఖానా లేచింది. రెండేళ్ల తర్వాత ఆ కంపెనీ తన లోగో మార్చుకుంది. ఇకమీదట తమ షీట్లన్నిటి మీదా కొత్తదే రావాలని బొమ్మ పంపించారు. అప్పట్లో మాస్టారు కూడా షీట్లలో లోగోకు లింకే ఇచ్చేవారు గనుక, పాత బొమ్మ ఫైలు తీసేసి, అదే పేరుతో కొత్త బొమ్మ పెట్టారు. అర నిమిషం పని. పని తేలిగ్గా అయిపోయిందన్న సంతోషంతో టీ తాగడానికి వెళ్లారు.

ఆ మరుసటి ఏడు బాల్కనీ విరిగిపడింది. దాని మీద పిక్కలు తిరగేస్తున్న నూకరత్నం అనే కూలీ అక్కడికక్కడే ప్రాణం విడిచింది. విరిగిన శ్లాబులో కడ్డీలు తొమ్మిదంగుళాల ఎడంతో కనిపించాయి. కేసు కోర్టుకెక్కితే, డ్రాయింగులో ఎలా ఉంటే అలాగే కట్టామన్నారు కంపెనీవాళ్లు. ఆ డ్రాయింగేదంటే, తమ దగ్గరి కాగితాలు పోయాయన్నారు. సంతకాలున్న ఆఫీసు కాపీ అంతకుముందు తుఫానులో తడిసి ముద్దయింది. ఇక మిగిలింది కంప్యూటర్లో ఉన్న షీటు. కోర్టు అడిగితే మాస్టారే దాన్ని ప్రింటు తీసి పట్టుకెళ్లారు. అయిదంగుళాలన్న అంకె ఉందో లేదో ఒకటికి రెండుసార్లు చూసుకున్నారు గాని, మూలన ఏముందో చూడలేదు.

కంపెనీ తరఫు లాయరు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, మూలన వేలు పెట్టాడు.

"ఈ షీటు మీదున్న తేదీకి మా కంపెనీకి ఈ లోగో ఉందా?"

"లేదండి."

"మరి ఎలా వచ్చింది?"

"తర్వాత నేనే మార్చానండి. అది లింకు..."

"మార్చారు. అది చాలండి."

లోగో తప్ప ఇంకేదీ మారలేదని రుజువుందా అని జడ్జిగారు అడిగారు. మాస్టారి దగ్గర లేదు. ప్రింటు తీసేముందు అలవాటుగా సేవ్ చేయడంతో, ఫైలు కూడా ఆ వారంలోనే మారినట్టు చూపిస్తోంది. వాయిదా పడ్డాక ఆయన ఆఫీసుకు తిరిగివచ్చి, ఆ కంపెనీకి గీసిన పాత షీట్లన్నీ ఒక్కొక్కటే తెరిచారు. ఇళ్లు, గోదాములు, ఒక బడి. తేదీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. అన్నిటి పక్కనా ఆ రోజులకు పుట్టనే లేని లోగో. "నీ తప్పేముందిలే, వాళ్లడిగారు, నువ్వు చేశావు" అన్నాడు ఇంజినీరు. ఆ మాటతో మాస్టారికి ఊరట కలగలేదు.

షీటును సాక్ష్యంగా తీసుకోలేదు. కేసు కొట్టేశారు. కంపెనీవాళ్లు కార్లెక్కి వెళ్లిపోయారు. నూకరత్నం భర్త ఎర్రినాయుడు ప్రతి వాయిదాకూ వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవాడు. ఆ రోజు మెట్ల దగ్గర మాస్టారిని ఆపాడు. అతను తిడతాడనుకుని మాస్టారు తల దించుకున్నారు. అతను తిట్టలేదు.

"బాబూ, నాకు సదువు రాదు. ఆ మూలనున్న బొమ్మ మారితే మారింది. నువ్వు రాసిన కొలత మారనేదు గదా?" అని అడిగాడు.

మాస్టారు అక్కడితో ఆపారు. ఇందుమతి అడిగింది.

"మీరేం చెప్పారు మాస్టారూ?"

"మారలేదని చెప్పాను. నమ్మాడమ్మా," అన్నారాయన. "ఆయనొక్కడే నమ్మాడు."