పెళ్ళిపీటలో చిటికెడు ఉప్పు

తన పనితనాన్ని తానే మెచ్చుకునేవాడు ఆస్థాన వడ్రంగి కాళాచారి. ఊరివాళ్ళకు ఆ శ్రమ తప్పించడం పుణ్యమని అతని నమ్మకం.

రాజకుమార్తె పెళ్ళిపీటకు రెండు పనసచెక్కల్ని ఒకదానిమీద ఒకటి అతికించే పని అతనికే వచ్చింది. పెళ్ళిపీటకు ఇనుము తగలకూడదని ఆ రాజ్యంలో ఆచారం. మేకు కొట్టే వీల్లేదు. బంక రాసి తాళ్ళతో బిగిస్తేనేమో తడి మీద చెక్కలు పక్కకు జారతాయి. అందుకని కాళాచారి బంక మీద చిటికెడు ఉప్పు చల్లాడు.

పక్కనే నిలబడి చూస్తున్న దివాను కళ్ళెర్రజేశాడు.

"పీటలో ఉప్పేమిట్రా? నువ్వు వడ్రంగివా, వంటవాడివా? తుడిచెయ్. పీట వెంట్రుకవాసి వంకరపోయినా నీ కొలువు మా బావమరిదికి ఇచ్చేస్తాను."

కాళాచారి శుభ్రంగా తుడిచి, కొత్తగా బంక రాసి, చేతులు కట్టుకున్నాడు.

"చిత్తం దొరా. ఇక ఉప్పు బదులు మనిషే పట్టుకోవాలి. తమరు కదలొద్దంటే రాజ్యమే కదలదు, ఈ చెక్కలెంత? తమరు పట్టుకోండి, నేను తాళ్ళు బిగిస్తాను."

కాదంటే పరువు పోతుంది. దివాను పట్టుకున్నాడు. తాడు బిగిసేకొద్దీ పైచెక్క ఆయన వేళ్ళను కూడా వెంటబెట్టుకుని పక్కకు జరిగింది. సర్ది మళ్ళీ పట్టినా అంతే.

దివాను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"ఆ ఉప్పు ఏం చేస్తుందిరా?"

"పలుకులు రెండు చెక్కల్లోనూ గుచ్చుకుని జారనివ్వవు దొరా."

"ఎంత వెయ్యాలి?"

"రుచికి సరిపడా."

పీట చక్కగా కుదిరింది, కొలువూ నిలిచింది. గెలిచాక నోరు మూసుకోవడం మాత్రం కాళాచారికి ఈనాటికీ చేతకాలేదు.