అడుగుల కోసం సెలవు

శేషావతారంగారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. చినగాడిలంకలో ఈ సంగతి తెలియనివాళ్ళు లేరు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆయన తెలుగు పంతులుగారు. ఇప్పుడు సాయంకాలం పూట తమ వీధరుగు మీద పెద్దవాళ్ళని కూర్చోబెట్టి పద్యాలు చెబుతారు. పద్యం గురించి అడిగితే విసుక్కోకుండా విడమరిచి చెప్పే మనిషే, బతుకు గురించి అడిగితే మాత్రం చీపురో పారో తెచ్చి చేతిలో పెడతారు. దేవుడున్నాడా అని అడిగిన ఒకాయన చేత పెరట్లో కొబ్బరిమొక్కలకి నీళ్ళు పోయించారు. ఆయన ఇప్పటికీ వచ్చి పోస్తూనే ఉన్నాడు, ప్రశ్న మాత్రం మళ్ళీ ఎత్తలేదు. ఇవన్నీ తెలిసుండి కూడా త్రిమూర్తులు వెళ్ళి అడిగాడంటే, పాపం, అతని ఇబ్బంది అలాంటిది.

త్రిమూర్తులు బస్సు కండక్టరు. చీకటితో ఇల్లు వదిలితే మళ్ళీ చీకటి పడ్డాకే ఇంటి ముఖం చూడడం. సెలవు దొరికిన సాయంత్రాలు గురువుగారి అరుగు మీద కూర్చుని పద్యాలు నేర్చుకోవడం ఒక్కటే అతనికున్న సరదా. పెళ్ళయిన చాలా ఏళ్ళకి, ఇక పుట్టరేమోననుకుంటున్న రోజుల్లో కూతురు పుట్టింది. నీలవేణి అని పేరు పెట్టి నీలూ అని పిలుచుకుంటున్నారు. ఆ పిల్లంటే అతనికి ప్రాణం. అదేం చిత్రమో గాని, ఆ పిల్ల చేసే ఘనకార్యాలన్నీ తండ్రి బస్సెక్కాకనే చేసేది.

మన ఆచారం తెలిసిందే కదా. పిల్ల నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు. వండి వీధి వీధంతా పంచాలి. త్రిమూర్తులు అత్తగారు వరహాలమ్మ ఈ విషయంలో ఎవరికీ తీసిపోదు. పిల్ల ఇటు బోర్లా పడిందో లేదో అటు పొయ్యి మీద పప్పు ఉడుకుతూ ఉంటుంది. త్రిమూర్తులు డ్యూటీ దిగి ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కునేసరికి భార్య సుభాషిణి పళ్ళెంలో నువ్వుండ పెట్టి తెచ్చింది. అంటే ఆ రోజు పిల్ల నవ్విందన్నమాట. మరోనాడు బొబ్బట్టు తెచ్చింది. ఇంకోనాడు గారె తెచ్చింది. చల్లారిపోయిన గారె కొరుక్కుంటూ, నిద్రపోతున్న కూతురి వంక చూసుకుంటూ, గడప ఎలా దాటింది, ఏ చెయ్యి ముందేసింది, దాటాక వెనక్కి తిరిగి చూసిందా అని అడిగేవాడు. సుభాషిణి ఓపిగ్గా పాకి మరీ చూపించేది. ఎంత చూపించినా అది సుభాషిణి పాకడమే గాని నీలు పాకడం కాదు. కూతురి ఎదుగుదలని నాలుకతో తెలుసుకున్న తండ్రి లోకంలో ఇతనొక్కడే అయి ఉంటాడు. కడుపు నిండుతోంది గాని కళ్ళకరువు తీరడం లేదు.

ఇక మిగిలింది అడుగులు. అడుగులేస్తే అరిసెలు. ఈ ఒక్కటీ నా కళ్ళతో చూసి తీరాలి అని పట్టుబట్టాడు త్రిమూర్తులు. పిల్ల గోడ పట్టుకుని నిలబడుతోందని వినగానే డిపోలో బతిమాలి సెలవు తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నవాడు ఊరుకున్నాడా? అరిసెలకి బియ్యం నానబొయ్యమని అత్తగారికి పురమాయించాడు. పిల్ల నడిచాక పిండి కొట్టేవాళ్ళని చూశాం గాని, పిండి కొట్టించి పెట్టి పిల్లని నడవమన్న మహానుభావుణ్ణి ఇతన్నే చూశాం.

ఆ సెలవు రోజులు ఎలా గడిచాయో చెబితే నవ్వుతారు. పిల్ల గోడ పట్టుకుని లేచేది. లేచి చూస్తే ఎదురుగా తండ్రి, గుడ్లప్పగించి తన కాళ్ళ వంకే చూస్తూ కనిపించేవాడు. ఈయనకేమొచ్చిందబ్బా అన్నట్టు కాసేపు చూసి చతికిలబడేది. చప్పట్లు కొట్టాడు, గిలక ఆడించాడు, కండక్టరు విజిల్ ఊదాడు. విజిల్‌కి పిల్ల ఏడ్చింది, అత్తగారు తిట్టింది. అతను అన్నం తినడం పిల్ల ఎదుటే, కునుకు తీయడం పిల్ల పక్కనే. స్నానానికి వెళ్ళినా తలుపు సందులోంచి, నడిచిందా అని కేకలు. అవతల తడిపిండి పులిసిపోయేలా ఉంటే వరహాలమ్మ ఇక ఆగలేక అరిసెలు వండేసి డబ్బాకెత్తి మూత పెట్టింది. బెల్లంపాకం వాసన వీధంతా కమ్ముకుంది. పిల్ల నడిచిందటగా అంటూ వచ్చినవాళ్ళకి ఏం చెప్పాలో తెలియక ఆవిడ తల పట్టుకుంది.

చూస్తూండగానే సెలవు ఒక్క రోజులోకి వచ్చేసింది. తను బస్సెక్కిన పూటే పిల్ల నడిచేస్తుందని, చీకటి పడ్డాక తనకి పళ్ళెంలో అరిసె ఎదురొస్తుందని త్రిమూర్తులుకి రూఢిగా తెలుసు. ఆ సాయంత్రం గురువుగారి అరుగెక్కి, పద్యం పక్కనపెట్టి, గుండెలో ఉన్నదంతా వెళ్ళబోసుకున్నాడు. చివరికి ఇలా అడిగాడు.

“కళ్ళెదుట పెట్టుకుని కూర్చున్నా దొరకడం లేదండి గురువుగారూ. ఎలా చూస్తే కనబడుతుందండి?”

శేషావతారంగారు కళ్ళజోడు తీసి ఉత్తరీయంతో తుడుచుకున్నారు. రేపు పొద్దున్నే పిల్లని తీసుకుని అందరూ కలిసి రమ్మన్నారు. చింతపండు పిక్క తియ్యాలట, సూరమ్మగారికి సాయం ఎవరూ లేరట. సూరమ్మగారంటే ఆయన భార్య.

త్రిమూర్తులుకి కోపం వచ్చింది. గురువుగారి మీద కోపం రావడం అదే మొదలు. మిగిలింది ఒక్క రోజు, అది కూడా చింతపండు పాలా అని దారి పొడుగునా గొణుక్కున్నాడు. అయినా కాదనే ధైర్యం లేక మర్నాడు పొద్దున్నే పెళ్ళాన్నీ అత్తగారినీ పిల్లనీ వెంటబెట్టుకుని వెళ్ళాడు.

వసారాలో చాప వేసి ఉంది. ఎండిన చింతకాయలు కుప్పగా పోసి ఉన్నాయి. పెంకు ఒలిచి, ఈనె లాగి, పిక్క తీసి, పండుని బుట్టలో వెయ్యాలి. శేషావతారంగారు త్రిమూర్తుల్ని గోడవారగా కూర్చోమని, ఎత్తైన బుట్టని అతని ముందుకి జరిపారు. నీలుని కాస్త అవతల స్తంభం దగ్గర దించి, ముందు ఒక గరిటా చెంబూ పెట్టారు. తను పడక్కుర్చీలో కూర్చుని ఆడవాళ్ళు అందించిన కాయలు ఒలవసాగారు.

మొదట్లో త్రిమూర్తులు చెయ్యి చింతకాయ మీద, మెడ చాచి చూపు పిల్ల కాళ్ళ మీద. దాంతో పిక్కలన్నీ పండులోనే ఉండిపోయాయి. సూరమ్మగారు మాటల్లో పొదుపరి గాని పనిలో రాక్షసి. బుట్టలో చెయ్యి పెట్టి పిక్కలు ఏరి అతని ఒళ్ళో పోసింది. రెండోసారీ పోసింది. మూడోసారి, టిక్కెట్లు కూడా ఇలాగే కొడతావా నాయనా అంది. వరహాలమ్మ కిసుక్కున నవ్వింది. సిగ్గుపడి త్రిమూర్తులు తల వంచుకున్నాడు.

తల వంచుకున్నాక పని సాగింది. చేతులు రెండూ మోచేతుల దాకా జిగురు. ముక్కు దురద పెట్టినా గోక్కునే వీల్లేదు. పెంకు చిటుక్కుమనడం, పిక్క జారి పళ్ళెంలో పడడం, పుల్లటి వాసన, ఇవన్నీ కలిసి అతనికే తెలియకుండా మనసు తేలికపడింది. నేర్చుకుంటున్న పద్యం ఒకటి గొంతులో కూనిరాగంగా మొదలై పైకే వచ్చేసింది. రాగం తియ్యగానే అవతల స్తంభం దగ్గర నీలు కూడా ఆ అంటూ అందుకుంది. ఇతను ఆపితే తనూ ఆపింది. మళ్ళీ తీస్తే మళ్ళీ తీసింది. త్రిమూర్తులు ఆశ్చర్యపోయాడు. ఇన్నాళ్ళూ ఈ పిల్ల కాళ్ళే చూశాడు గాని గొంతు వినలేదు. పాట పాడే పిల్ల అని తెలియనే తెలియదు. అతను ఉబ్బితబ్బిబ్బయ్యాడు. ఇంకో రాగం, ఇంకోటి, తండ్రీకూతుళ్ళు పోటీలు పడి వసారా ఎగరగొట్టారు.

ఇంతలో ముంజలమ్మే మనిషి వచ్చింది. సూరమ్మగారు ముంజలు తీసుకుని, ఒకటి తొక్క ఒలిచి, లేతచెక్క నీలు చేతిలో పెట్టింది. పిల్ల దాన్ని నొక్కింది. నీళ్ళు చిమ్మి ముఖం నిండా పడ్డాయి. ఉలిక్కిపడి, వెంటనే పకపకా నవ్వి, మళ్ళీ నొక్కింది. త్రిమూర్తులు కూడా పగలబడి నవ్వాడు. నవ్వుతూ, పిల్లల్ని ఆట పట్టించడానికి అందరూ అడిగినట్టే, నాకో, నాకు పెట్టవా, నాన్నకి లేదా అంటూ నోరు తెరిచాడు. చేతులు ఎలాగూ జిగురాయె, చెయ్యి చాపలేక నోరు చాపాడు.

పిల్ల నవ్వు ఆపేసింది. తండ్రి నోటి వంక చూసింది. చేతిలో ముంజ వంక చూసింది. మళ్ళీ నోటి వంక చూసింది. ఇది చాలా పెద్ద విషయం అన్నట్టు కనుబొమలు ముడుచుకున్నాయి. త్రిమూర్తులు తెరిచిన నోరు మూయలేదు. ఇస్తుందా? పుట్టి ఇన్నాళ్ళకి చేతిలోది ఎవరికైనా ఇచ్చిందా? ఇవ్వమంటే లాక్కుని నోట్లో పెట్టుకునే పిల్ల, ఇస్తుందా?

బుట్ట అంచు మీదుగా ఆ ముఖం అతనివైపు వస్తోంది. నాలుక కొస పెదవుల మధ్య బయటికొచ్చింది. ముంజ నీళ్ళు మోచేతి దాకా కారుతున్నాయి. కళ్ళు మాత్రం అతని నోటిని వదలలేదు. అంతలోనే ముంజ జారింది. ముఖం బుట్ట వెనక మాయమైపోయింది. అయ్యో అన్నాడు త్రిమూర్తులు. అయిపోయింది, ఇక ఇవ్వదు అనుకున్నాడు. మరుక్షణం మట్టి అంటిన ముంజతో, మహా పట్టుదలతో, ఆ ముఖం మళ్ళీ పైకి లేచింది. రా తల్లీ, రా నా బంగారం అని అతను బుట్ట మీదికి వంగిపోయాడు. నీలు ఒక చేత్తో బుట్ట అంచు పట్టుకుని, రెండో చెయ్యి చాపి, ముంజని తండ్రి నోట్లో కుక్కింది. కుక్కి ఊరుకోలేదు, బయటికి రాకుండా అరచేత్తో నొక్కి పట్టింది.

మట్టి కరకరలాడింది. అంత తియ్యటి ముంజ త్రిమూర్తులు పుట్టి ఎరగడు. నమలడం కూడా మరిచిపోయి, కళ్ళమ్మట నీళ్ళతో, నాకు పెట్టిందండోయ్, పిల్ల తన చేత్తో నాకు పెట్టిందండోయ్ అంటూ అందరివైపూ తిరిగాడు.

చూస్తే అక్కడ ఆడవాళ్ళెవరూ కూర్చుని లేరు. సుభాషిణి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. సూరమ్మగారు ఒళ్ళోని చింతకాయలన్నీ కింద పోసుకుని లేచి నిలబడింది. వరహాలమ్మ గోడకి చేరగిలబడి గుండె మీద చెయ్యి వేసుకుంది.

“నడిచిందయ్యా,” అంది అత్తగారు. “స్తంభం దగ్గర్నుంచి నీ దగ్గరికి, ఎవరినీ పట్టుకోకుండా.”

త్రిమూర్తులు ముంజ మింగాడు. పిల్ల వంక చూశాడు, బుట్ట అంచు పట్టుకుని తన ఎదుటే ఉంది. స్తంభం వంక చూశాడు, గరిటా చెంబూ అక్కడే ఉన్నాయి. మధ్యలో చాప మీద ముంజనీళ్ళ చుక్కలు తడితడిగా మెరుస్తున్నాయి. ఎప్పుడు నడిచింది అని అడిగాడు. ఇప్పుడే, నీ కళ్ళెదుటే అని ముగ్గురూ ఒక్కసారే చెప్పారు. మధ్యలో పడబోయిందని ఒకరు, కూర్చుని తనంతట తనే లేచిందని ఒకరు, అబ్బో ఆ అడుగులు ఎంత ముద్దుగా ఉన్నాయో అని ఇంకొకరు, మాట మీద మాట పడిపోయింది. సుభాషిణి అప్పుడే పిల్ల అడుగులు ఎలా వేసిందో వేసి చూపించసాగింది.

ఆ చూపించడం చూడగానే త్రిమూర్తులు ముఖం వాడిపోయింది. చింతపండు చేతులతోనే నెత్తి పట్టుకుని, పడక్కుర్చీలో కూర్చున్న గురువుగారివైపు తిరిగాడు. ఎదురుగా కూర్చుని కూడా పోగొట్టుకున్నానండి, బుట్ట అడ్డమొచ్చిందండి, మళ్ళీ ఒకరు చెబితే వినే బతుకే అయిందండి అని వాపోయాడు. నీలు బుట్ట వదిలేసి అతని ఒళ్ళోకి ఎక్కి, ఖాళీ అయిన నోరు మళ్ళీ తెరవమని పెదవులు పట్టుకు లాగుతోంది.

శేషావతారంగారు ఒలిచిన కాయని పళ్ళెంలో వేసి, తుండుగుడ్డతో చేతులు తుడుచుకుని, కుర్చీలో ముందుకి జరిగారు.

“కాళ్ళు మేమందరం చూశాంలే త్రిమూర్తులూ. ముఖం నీవైపు ఉంది. అదెలా ఉందో నువ్వు చెప్పు, వింటాం.”