కృపావరం కట్టని నక్షత్రం

గోదావరి ఒడ్డున కొత్తరేవు అనే ఊళ్లో కృపావరం అనే చర్చి పెద్ద ఉండేవాడు; మనిషి మంచివాడే గానీ, ఎదుటివాళ్ల భక్తిలో లోటు వెతకడం మొదలుపెడితే ఆయనకు అన్నం సహించేది కాదు, కూర్చున్న చోట కుదురుండేది కాదు.

ఆ ఊరి చర్చికి ఒక ఆనవాయితీ ఉంది. డిసెంబరు మొదటి ఆదివారం నాటికల్లా చర్చి కప్పు మీది గడకు పెద్ద నక్షత్రం కట్టాలి. వెదురు బద్దలు నానబెట్టి, అవి మెత్తబడ్డాక కట్లు కట్టి, ఎర్ర కాగితం అంటించి, లోపల బల్బు పెట్టి ఇరవై ఏళ్లుగా దాన్ని కృపావరమే కట్టేవాడు. ఇంకొకర్ని చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు.

అది ముచ్చట కోసం కట్టే నక్షత్రం కాదు. ఏటి పాయకు అవతల లంకలో కృపావరం అక్క ఎలీసమ్మ ఉండేది. డెబ్బై ఏళ్ల మనిషి. క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం గేదెల పాలు పిండుకుని, చీకటి పడే వేళకు పాయ దాటి ప్రార్థనకు వచ్చేది. ఆ రోజుల్లో పాయలో నీళ్లు చీలమండలు దాటవు. కానీ చర్చికి ఎదురుగా నడిస్తేనే ఇసుక గట్టిగా ఉంటుంది. బజారు వైపు మళ్లితే ఊబి. ఎలీసమ్మ కళ్లకు పొర కమ్మింది. మనుషుల ముఖాలు ఆనవు, ఎత్తున వెలిగే దీపం మాత్రం కనిపిస్తుంది.

"నేనొచ్చి తీసుకొస్తాలే అక్కా" అంటే ఆమె ఒప్పుకునేది కాదు.

"నన్ను మోసుకురావడానికి నేనేమన్నా పాల క్యానునా? నువ్వు నక్షత్రం కట్టరా తమ్ముడూ, చాలు. దాన్ని చూసుకుంటూ నేనే వస్తా" అనేది.

ఆ ఏడు కృపావరం ఎప్పటిలాగే నవంబరు చివర్లో వెదురు బద్దలు చీల్చి తొట్టిలో నానేశాడు. ఎర్ర కాగితం కొనడానికి బజారుకు బయలుదేరాడు. ఏటిగట్టు మీద గవరయ్య బట్టల కొట్టు ముందుకు వచ్చేసరికి ఆయన కాళ్లు ఆగిపోయాయి.

కొట్టు మీద కొత్త బ్యానరు వేలాడుతోంది. దాని మీద ఎర్రటోపీ తాత ఒకడు పట్టుచీర పట్టుకుని నవ్వుతున్నాడు. పక్కన "ఏడాది చివరి సంబరాలు! రెండు చీరలు కొంటే ఒకటి ఉచితం!" అని రాసి ఉంది. కృపావరం మూడుసార్లు చదివాడు. ఎక్కడా క్రిస్మస్ అన్న మాట లేదు. యేసు పేరు అసలే లేదు.

"ఏమండీ శెట్టిగారూ! పండుగ ఎవరిది, ఈ తాత ఎవరు?" అని కొట్టులోకి వెళ్లి అడిగాడు.

గవరయ్య చీర మడతపెడుతూ తలెత్తాడు. "కంపెనీవాళ్లు పంపిన బ్యానరండీ. కట్టమన్నారు, కట్టాను."

"మా పండుగకు బట్టలమ్ముకుంటారు. మా దేవుడి పేరు రాయడానికి మాత్రం చెయ్యి రాదా?"

"అదేంటండీ కృపావరం గారూ! పోయినేడు పశువుల పాకలో బాలయేసు బొమ్మ వేయించి, 'క్రిస్మస్ శుభాకాంక్షలు' అని రాయించాను కదా. 'ప్రభువు పేరు మీద చీరలు అమ్ముతావా' అని ఇదే గుమ్మంలో నన్ను దులిపేసింది మీరు కాదూ? ఉంటే తప్పు, లేకపోతే తప్పు అయితే నేనెక్కడికి పోను?"

కొట్టులో ఉన్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. కృపావరానికి తల కొట్టేసినట్టయింది. ఎర్ర కాగితం సంగతి మరిచిపోయి ఇంటికి వచ్చేశాడు.

ఇక ఆయనకు స్థిమితం లేదు. పొద్దున్నే లేచి బ్యానరు ఉందో లేదో చూసివచ్చేవాడు. మధ్యాహ్నం ఇంకోసారి వెళ్లేవాడు. అన్నం ముందు కూర్చుని, ముద్ద చేతిలో ఉండగానే, "ఆ తాత నవ్వు చూశావా మార్తా? మనల్ని చూసే నవ్వుతున్నాడు" అనేవాడు.

"తాత సంగతి తర్వాత. తొట్టిలో బద్దలు నానిపోతున్నాయి. నక్షత్రం ఎప్పుడు కడతారు?" అని భార్య మార్తమ్మ అడిగేది.

"కడతాలే. ముందు ఇది తేలనీ."

మొదటి ఆదివారం గడిచింది. గడ బోసిగానే ఉంది. ఆరాధన అయ్యాక కృపావరం చర్చి మెట్ల మీద నిలబడి, గవరయ్య కొట్టులో ఎవరూ గుడ్డముక్క కొనకూడదని సంతకాలు సేకరించాడు. రెండో ఆదివారం కంపెనీకి పెద్ద ఉత్తరం రాసి అందరికీ చదివి వినిపించాడు. పాస్టరు గారు ఓపికగా విని, "చాలా బాగా రాశారు. మరి నక్షత్రం?" అన్నారు.

"అవుతుందండీ, ఎంతసేపు? ఒక పూట పని" అన్నాడు కృపావరం.

మార్తమ్మ తొట్టిలో నీళ్లు ఎండినప్పుడల్లా ఒక చెంబు పోస్తూ వచ్చింది. "ఏవండీ, పోనీ కుర్రాళ్లకి చెప్పనా? వాళ్లు కడతారు" అంది ఒకరోజు.

"వాళ్లకేం తెలుసు? అయిదు కొమ్ములూ సమానంగా రావద్దూ?" అని కసిరి, చెప్పులేసుకుని మళ్లీ బజారుకు వెళ్లిపోయాడు.

క్రిస్మస్ ముందు రోజు రానే వచ్చింది. ఆ మధ్యాహ్నం కృపావరం ఇరవైమందిని వెంటబెట్టుకుని కొట్టు ముందుకు వెళ్లాడు. బేరాలు ఆగిపోయాయి. ఎండలో నిలబడి కేకలేస్తున్న మనుషుల్ని గవరయ్య కాసేపు చూశాడు. లోపలికి వెళ్లి కత్తెర తెచ్చాడు. నిచ్చెన వేయించి బ్యానరు తాళ్లు తనే కత్తిరించాడు. ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో "క్రిస్మస్ శుభాకాంక్షలు" అని రాసి దాని చోట వేలాడదీశాడు.

"సంతోషమేనా? నేను దీన్ని ముందే రాయవలసింది, అది నా పొరపాటే" అన్నాడు. తర్వాత చర్చి వైపు చూసి, "అవునూ, ఈసారి మీ గడ మీద నక్షత్రం లేదేమండీ? ఏటా ఈపాటికి వెలిగేది" అని అడిగాడు.

"మా సంగతి మేం చూసుకుంటాం" అన్నాడు కృపావరం.

గెలిచినవాడిలా చెయ్యి ఊపుకుంటూ ఇంటికి వచ్చాడు. అప్పటికే పొద్దు వాలింది. కాళ్లు కడుక్కుందామని తొట్టి దగ్గరికి వెళ్లాడు. నీళ్లు ఆకుపచ్చగా మారి, వెదురు బద్దలు నల్లబడి వాసన కొడుతున్నాయి. ఒకటి పైకి తీస్తే చేతిలోనే పుటుక్కుమంది.

ఆయన తలెత్తి చూశాడు. చర్చి కిటికీల వెలుగు గట్టు కిందనే ఉండిపోయింది. పైన గడ చీకట్లో కలిసిపోతోంది. ఊరు మొత్తం మీద ఎత్తున వెలుగుతున్నది ఒక్కటే ఉంది. అది బజారులో గవరయ్య కొట్టు మేడ మీది రంగు బల్బుల తోరణం.

"అక్క!" అన్నాడు కృపావరం. అంతే. పరుగు తీశాడు.

చెప్పులు ఎక్కడ జారాయో తెలియదు. చర్చి ఎదుటి రేవులోకి దిగి అరిచాడు. బదులు లేదు. ఇసుకలో వెతికాడు. మసక వెలుగులో అక్క ఊతకర్ర గుచ్చుకున్న గుంటలు కనిపించాయి. అవి పాయ మధ్య దాకా తిన్నగా వచ్చి, అక్కడి నుంచి బజారు వైపు మళ్లాయి. గట్టెక్కి బజారు వైపు పరుగెత్తాడు.

కొట్టు వెనుక జనం గుమిగూడి ఉన్నారు. గవరయ్య పంచె ఎగ్గట్టి మోకాళ్ల లోతు బురదలో నిలబడి ఉన్నాడు. ఆయన చేతిలో తాడు లాంటిదేదో ఉంది. తాడు కాదు, ఒకదానికొకటి ముడివేసిన కొత్త చీరలు. దాని రెండో కొసన, నడుము దాకా ఊబిలో దిగబడి, ఎలీసమ్మ ఉంది.

"పట్టుకోమ్మా, వదలకు! చీర చిరగదు, నాదీ పూచీ!" అని అరుస్తున్నాడు గవరయ్య.

కృపావరం బురదలోకి దూకి ఆ చీరల ముడి అందుకున్నాడు. ఇద్దరూ కలిసి లాగారు. నాలుగోసారికి ఊబి ఆమెను వదిలింది. గట్టు మీద కూర్చోబెట్టి గవరయ్య మంచినీళ్లు తాగించాడు. ఇంకో కొత్త చీర తెచ్చి ఆమె భుజాల చుట్టూ కప్పాడు.

ఎలీసమ్మ చలికి వణుకుతూ చేతులతో తమ్ముడి ముఖం తడిమింది. "ఒరే తమ్ముడూ, నేను వెలుగు చూసుకునే తిన్నగా వచ్చానురా. నక్షత్రం ఎటు జరిగిందిరా?" అని అడిగింది.

కృపావరం తల దించుకుని అక్క పాదాల మీది బురద తుడిచాడు. "జరగలేదక్కా. నేను కట్టలేదు" అన్నాడు. తర్వాత గవరయ్య వైపు తిరిగి చేతులు జోడించాడు. "శెట్టిగారూ, మీ కొట్టు మీద మా ప్రభువు పేరు లేదని నెల రోజులు మీ వెంట పడ్డాను. ఆయన పని మాత్రం మీరే చేశారు."

"అంత పెద్ద మాటలెందుకండీ? కేక వినపడితే ఎవరైనా దిగుతారు" అన్నాడు గవరయ్య. "అన్నట్టు, బ్యానరుకు కట్టిన వెదురు కర్రలు కొట్లో ఉన్నాయి. పనికొస్తాయేమో చూడండి."

ప్రార్థన గంట మోగేలోపు ఆ కర్రలతోనే నక్షత్రం తయారైంది. కాగితం లేకపోతే గవరయ్య ఎర్ర జాకెట్టు గుడ్డ ఇచ్చాడు. కుర్రాళ్లు కట్లు కట్టారు, గవరయ్య నిచ్చెన పట్టుకున్నాడు, కృపావరం పైకెక్కి బల్బు వెలిగించాడు. అయిదు కొమ్ములూ సమానంగా రాలేదు. అయినా కింద నిలబడిన ఎలీసమ్మ తలెత్తి, "ఆఁ, ఇప్పుడు ఆనుతోందిరా" అంది.

నీతి: దేవుడి పేరు ఎదుటివారి గుమ్మం మీద ఉందా లేదా అని వెతికే ముందు, ఆ దేవుడు మన చేతికి అప్పగించిన పని చేశామా లేదా అని చూసుకోవాలి.