భూపతి పరుపు కొలత

పూర్వం పొన్నగిరి అనే చిన్న రాజ్యం ఉండేది. పత్తి బాగా పండే సీమ. దాన్ని రణధీర భూపతి అనే రాజు ఏలేవాడు. మంచివాడే కాని, డాబు మనిషి. తుమ్మినా బాకా ఊదాలనే రకం.

ఆయనకో పట్టుదల ఉండేది. రాజవంశంలో పుట్టినవాళ్ళూ మెట్టినవాళ్ళూ వెల్లకిలానే పడుకోవాలి. "ఒత్తిగిలి పడుకుంటే ఏదో ఒక దిక్కుకు వీపు చూపినట్టే. మా వంశంలో వీపు చూపినవాడు లేడు" అనేవాడు. అంతఃపురంలో ఎవరైనా నిద్రలో పక్కకు తిరిగితే మళ్ళీ సరిగ్గా పడుకోబెట్టడానికి దాసీలను కూడా పెట్టాడు.

పెళ్ళయిన పదకొండేళ్ళకు రాణి లక్కమాంబ కడుపు పండింది. ఎనిమిదో నెల వచ్చేసరికి ఆమె మొహం పీక్కుపోయింది. రాత్రి నిద్ర లేదు, పగలు కునుకు లేదు. పరుపు గట్టిపడి ఉంటుందని, దూది మళ్ళీ ఏకించడానికి దూదేకుల కాశింబీని పిలిపించారు.

కాశింబీ పెద్ద మనిషి. నలుగురు పిల్లల్ని కన్నది. ముప్పై ఏళ్ళుగా కోటలో పరుపులన్నీ ఆమె చేతిమీదుగానే తయారయ్యేవి. పరుపును తడిమితే చాలు, దాని మీద పడుకున్నవాళ్ళు ఎలా నిద్రపోయారో చెప్పేసేది.

రాణిగారి పరుపు మీద చెయ్యి వేసి ఆమె ఉలిక్కిపడింది. నడిమధ్య గుంట పడింది, సరే. కాని ఆ గుంటకు అటూ ఇటూ దూది ముద్దలు ముద్దలుగా నలిగిపోయి ఉంది. రాత్రంతా ఎవరో పిడికిళ్ళతో పట్టుకుని పీకినట్టు.

"ఏం తల్లీ, ఊపిరాడటం లేదా?" అని మెల్లగా అడిగింది.

రాణి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వెల్లకిలా పడుకుంటే గుండెల మీద బండ పెట్టినట్టుంటుంది కాశింబీ. కళ్ళు తిరుగుతాయి. బిడ్డకేమవుతుందో అని భయం. పక్కకు తిరిగితే దాసీలు వచ్చి సర్దుతారు. పాపం, వాళ్ళ తప్పు కాదు."

"మంత్రసాని ఏమంది?"

"ఎడమ పక్కకు ఒత్తిగిలమంది. ఆ మాట దొరగారికి చెప్పడానికి దానికి నోరు రాలేదు. నాకూ రాలేదు."

కాశింబీ ముందు మంత్రినీ సేనాపతినీ కలిసి, తరువాత సభకు వెళ్ళి దండం పెట్టింది.

"దొరా, అమ్మగారి పరుపుకు కొలత కుదరడం లేదు. ఆమె ఇప్పుడు ఒక్కరు కాదు, ఇద్దరు. కడుపులో బిడ్డ బరువుతో సహా ఎవరైనా ఒక్క గడియసేపు వెల్లకిలా పడుకుంటే దూది ఎంత వెయ్యాలో తెలుస్తుంది. మంత్రిగారిని అడిగితే నడుం నొప్పన్నారు. సేనాపతిగారు వినగానే గుర్రమెక్కి వెళ్ళిపోయారు."

రాజు మీసం దువ్వాడు. "పిరికివాళ్ళు! మేమే పడుకుంటాం."

మధ్యాహ్నం భోజనం కాగానే రాజు రాణి మందిరానికి వచ్చాడు. కాశింబీ బాగా ముదిరిన గుమ్మడికాయ ఒకటి తెచ్చి, ఆయన పొట్ట మీద పెట్టి, నడుముకు చుట్టే పట్టు దట్టీతో బిగించి కట్టింది. రాజు పరుపు మీద వెల్లకిలా, ఠీవిగా పడుకున్నాడు. కాశింబీ ఆయనకు వీపు పెట్టి కూర్చుని, దూదేకే విల్లు అందుకుని దూది ఏకడం మొదలుపెట్టింది. రాణి తలుపు పక్కన నిలబడి చూస్తోంది.

కాసేపటికి రాజుకు ఆయాసం మొదలైంది. నుదుటి మీద చెమట పట్టింది. పిడికిళ్ళు వాటంతటవే పరుపును పట్టుకున్నాయి.

"ఇంకెంతసేపే?"

"సగం కూడా కాలేదు దొరా."

మరికాసేపటికి మంచం కిర్రుమంది. కాశింబీకి అర్థమైంది. అయినా వెనక్కి తిరగలేదు. విల్లు చప్పుడు ఇంకాస్త పెంచింది, రాజుగారు సిగ్గుపడకుండా పక్కకు తిరగడానికి వీలుగా. ఆ తరువాత వెనకనుంచి హాయిగా గురక వినబడింది.

రాజు గుమ్మడికాయను కావలించుకుని, ఎడమ పక్కకు ఒత్తిగిలి, మోకాళ్ళు ముడుచుకుని నిద్రపోతున్నాడు. ఎన్నాళ్ళకో రాణికి నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు.

ఆ నవ్వుకు రాజు కళ్ళు తెరిచాడు. ఎదురుగా రాణి. తన భంగిమ చూసుకుని ఉగ్రుడైపోయాడు.

"కాశింబీ! ఏం చూశావు నువ్వు?"

"నేనేం చూడలేదు దొరా. వీపు పెట్టి కూర్చున్నాను."

"మా వంశంలో వీపు చూపడం..." అని ఆయన గొంతు పెంచబోయాడు.

"దొరవారు క్షమించాలి, మొరటుదాన్ని, ఒక సందేహం" అంది కాశింబీ. "తమరు భూపతులు. అంటే భూదేవికి మొగుడు. మరి వెల్లకిలా పడుకుంటే ఆ తల్లికి వీపు పెట్టినట్టు కాదా? ఇన్నాళ్ళూ ఇల్లాలికే వీపు పెట్టి నిద్రపోయారు దొరా!"

రాజు ఉన్నట్టుండి పకపకా నవ్వాడు. ఆ నవ్వుకు పొట్ట మీది గుమ్మడికాయ ఎగిరెగిరి పడింది.

నవ్వు ఆగాక ఆయన దట్టీ విప్పి, గుమ్మడికాయను రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాడు. చాలాసేపు దానివంకే చూశాడు. తరువాత రాణి వంక చూశాడు.

"దేవీ, ఎన్నాళ్ళ నుంచి ఇలా?"

"రెండు నెలలైంది."

"మేము సగం గడియ ఓర్చుకోలేకపోయాం. మాకెందుకు చెప్పలేదు?"

"చెప్పనివ్వరుగా" అంది రాణి తల వంచుకుని.

రాజు తానే ఆమె చెయ్యి పట్టుకుని మంచం మీద ఎడమ పక్కకు పడుకోబెట్టాడు. కాశింబీ చెప్పింది చెప్పినట్టు మోకాళ్ళ మధ్య ఒక దిండు, వీపుకు ఆనించి ఒకటి, పొట్ట కింద చిన్నది ఒకటి పెట్టాడు. జన్మలో దిండు సర్దినవాడు కాదు. ఒకదాన్ని తలకిందులుగా కూడా పెట్టాడు. రాణి దిద్దలేదు.

"మరి మేము ఏ పక్కకు పడుకోవాలి కాశింబీ?" అని గుసగుసగా అడిగాడు.

"అమ్మగారి మొహం ఎటు కనబడితే అటు తిరిగి పడుకోండి దొరా."

రాజు మంచం అంచున కూర్చున్నాడు. అప్పటికే రాణి ఊపిరి నిదానించింది. నిద్రలోనే ఆయన కుడిచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ చెయ్యి కదిలించకుండా, రాజు పళ్ళతో పట్టి ఎడమచేతి బంగారు కడియం లాగి కాశింబీ ఒడిలో వేశాడు. విల్లు ఇక మోగించవద్దని కళ్ళతోనే బతిమాలాడు.

కాశింబీ కడియం కొంగున ముడేసుకుని, చప్పుడు కాకుండా విల్లు భుజాన వేసుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.